దిగిన విమానము, ఆగిన వార్త

ఎవరి స్మృత్యర్థమై ఈ ధర్మనిధి ఉపన్యాసము ఏర్పాటు చేయబడినదో ఆ పెద్దమనిషి తన జీవితమున అధికభాగమును బేగంపేట విమానాశ్రయమున, రెక్కల క్రిందను ఇంజనుల ప్రక్కనను, లోకమంతయు నిద్రించు వేళ మేల్కొని పనిచేసి గడపినవారు. తన పేరు ఏ ఫలకముమీదను ఉండరాదని కోరి, ఈ నిధిని తన వృత్తి పేరిట మాత్రమే నిలిపి వెళ్లినవారు. ఆయన కోరికను మన్నించి నేనును పేరెత్తక, ఆయన కడవరకు పట్టించుకొనిన విషయమునే, అనగా ప్రయాణికుల విమానములలోని యాంత్రిక లోపములను, వానిని గూర్చి మన పత్రికలును టీవీలును చెప్పు తీరును, ఈనాడు మీ యెదుట విచారింపదలచితిని.

“విమానంలో సాంకేతిక లోపం, తప్పిన పెను ప్రమాదం” అను శీర్షికను చూడని తెలుగు పాఠకుడు లేడు. దాని క్రింద ఉండు నాలుగు వాక్యములును మనకు కంఠస్థములే: విమానము బయలుదేరెను, కొంతసేపటికి పైలట్ లోపమును గుర్తించి వెనుకకు మరలించెను, ప్రయాణికులు ఊపిరి పీల్చుకొనిరి, సంస్థవారు వేరొక విమానమును ఏర్పాటు చేసిరి. ఏ భాగము చెడినది, ఎందుచేత చెడినది, అదే విమానమున అదే లోపము గతవారము కూడ వచ్చినదా, మరునాడు దానిని ఎవరు ఎట్లు సరిచేసిరి అను ప్రశ్నలలో ఒక్కదానికైనను ఆ వార్తలో సమాధానము ఉండదు. ఆ మరునాటి పత్రికలో ఆ విమానము ఊసే ఉండదు. వృత్తిలోనివారు సాధారణముగా పత్రికలమీద మోపు నేరము అతిశయోక్తి. చిన్నదానిని పెద్దది చేయుదురనియు, జనులను భయపెట్టుదురనియు వారి ఫిర్యాదు. అది కొంత నిజమే కావచ్చును గాని, నాకు తోచిన దోషము వేరు, అంతకంటె పెద్దది. విమానము దిగగానే వార్త కూడ దిగిపోవుచున్నది. లోపము యొక్క నిజమైన కథ ఆ క్షణమున మొదలగును. మన విలేకరి ఆ క్షణమున వెనుదిరుగును.

ఆ కథ ఎచట మొదలగునో కొంచెము దగ్గరగా చూతము. విమానము వచ్చి ఆగినపిమ్మట పైలట్ తాను గమనించిన లోపమును టెక్నికల్ లాగ్ బుక్కులో వ్రాయును. రెండవ ఇంజను నూనె పీడనము ఒకసారి జారి మరల నిలుకడ చెందినదని వ్రాసెననుకొందము. ఆ వ్రాతకు ఎదురుగా ఉన్న గడిలో, తాను ఏమి పరీక్షించెనో, ఏ భాగమును తీసెనో, ఏ నంబరు గల క్రొత్త భాగమును అమర్చెనో వ్రాసి, ఇంజనీరు తన లైసెన్సు నంబరుతో సంతకము చేయవలెను. ఆ సంతకము లేనిదే విమానము కదలదు. భాగము ఆ ఊర దొరకనిచో, అది లేకుండ ఎగురుట నిరపాయమని ముందుగానే నిర్ణయింపబడిన పట్టికలో ఉన్నచో, మరమ్మతును వాయిదా వేయవచ్చును. ఆ వాయిదాకును తరగతినిబట్టి 3 దినములనియు, 10 దినములనియు, 120 దినములనియు గడువు కలదు. తరువాత వచ్చు పైలట్ కంటబడునట్లు కాక్‌పిట్‌లో చీటీ అంటింపబడును. ఇంజను లోపల అనుమానము కలిగినప్పుడు బోర్‌స్కోపు అను సన్నని గొట్టపు కెమెరాను చిన్న రంధ్రముగుండ లోనికి పంపి, ఒకరు రోటరును మెల్లమెల్లగా త్రిప్పుచుండగా మరియొకరు తెరమీద ఒక్కొక్క బ్లేడు అంచును పరిశీలింతురు. తెల్లవారుజామున మూడు గంటలకు, మొదటి విమానము ఐదు గంటలకు బయలుదేరవలసియుండగా, అరవైయవ బ్లేడును కూడ మొదటిదానిని చూచినంత శ్రద్ధతోనే చూచు మనిషి ఎవరో ప్రయాణికునకు తెలియదు. ఆ మనిషి చూపుమీదను, ఆ పుస్తకములోని వ్రాతమీదను మన ప్రాణములు ఆధారపడియున్నవి.

యంత్రము చెడదను నమ్మకముతో ఎవరును విమానమును నిర్మింపలేదు. చెడునని తెలిసియే నిర్మించిరి. ఎయిర్‌బస్ ఎ320 లో హైడ్రాలిక్ వ్యవస్థలు మూడు, ఆకుపచ్చ, నీలము, పసుపు అను పేర్లతో, ఒకదానితో ఒకటి సంబంధము లేకుండ ఉండును. ఘోరవిపత్తునకు దారితీయగల లోపము 100 కోట్ల గంటల ప్రయాణమునకు ఒకసారికంటె హెచ్చుగా సంభవింపరాదన్నది రూపకల్పన చేయువారికి విధింపబడిన కొలబద్ద. రెండే ఇంజనులు గల విమానములు సముద్రముమీద 180 నిమిషముల దూరమువరకు పోవచ్చునని అనుమతించుటకు ముందు, ఆకాశమున ఇంజను ఆగిపోవు సందర్భములు 1,000 ఇంజను గంటలకు 0.02 మించరాదని నియమము పెట్టిరి. అనగా 50,000 గంటలకు ఒక్కటి. ఇట్టి లెక్కలు ఎట్లు సాధ్యమైనవి? ప్రతి చిన్న లోపమును ఎవరో ఒకరు వ్రాసిరి, వ్రాసినదానిని ఎవరో ఒకరు కూర్చిరి. కాబట్టి లోపము నమోదగుట వ్యవస్థకు సిగ్గుచేటు కాదు. నమోదైన లోపమునకు సమాధానము లేకపోవుటయే సిగ్గుచేటు.

2010 నవంబరు 4న సింగపూరు చాంగీ విమానాశ్రయమునుండి సిడ్నీకి 440 మంది ప్రయాణికులతోను 29 మంది సిబ్బందితోను బయలుదేరిన క్వాంటస్ సంస్థ ఎ380 విమానములో, నేల విడిచిన కొన్ని నిమిషములకే, సుమారు 7,000 అడుగుల ఎత్తున, రెండవ ఇంజనులోని ఒక టర్బైను చక్రము ముక్కలై రెక్కను చీల్చుకొని పోయెను. శకలములు ఇండోనేషియాకు చెందిన బాతం ద్వీపమున ఇండ్లమీద పడెను. ఆ ముక్కల ఫొటోలు లోకమంతట ప్రాకెను. విమానము కూలినదను వార్త వ్యాపించెను. ఆ సమయమున ఆ విమానము గాలిలోనే ఉండెను. కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పినీయును, ఆయనతో కాక్‌పిట్‌లో ఉన్న నలుగురును, తెరమీద ఒకదాని వెంట ఒకటి వచ్చిపడు హెచ్చరికలను దాదాపు 50 నిమిషములపాటు ఒక్కొక్కటిగా చదివి, దేనికి ఏ చర్య అవసరమో నిర్ణయించుకొని, పిమ్మట చాంగీలోనే దించిరి. దిగిన తరువాత మొదటి ఇంజను ఎంతకును ఆగక, దానిని నిలుపుటకు మరి మూడు గంటలు పట్టెను. ఒక్కరికైనను గాయము కాలేదు.

వార్త అంతటితో ఆగిపోవలసినదే గాని, ఈసారి ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థవారు ఆగలేదు. బాతంలో దొరికిన శకలమునుండి వెనుకకు నడచి, ఇంజను లోపలి నూనెగొట్టమొకదానిలో తొలిచిన రంధ్రము అక్షమునుండి కొంచెము ప్రక్కకు జరిగినందున గొట్టపు గోడ ఒకవైపు పలుచబడినదనియు, ఆ పలుచని చోట లోహపు అలసటవలన పగులు పుట్టి నూనె కారి అంటుకొనినదనియు కనుగొని, తుది నివేదిక వెలువరించువరకు వేచియుండక, డిసెంబరు 2వ తేదీనే భద్రతా హెచ్చరిక పంపిరి. 2013 జూన్‌లో తుది నివేదిక వచ్చినది. బాతం ఫొటోలను చూచినవారు కోట్లమంది. ఆ నివేదికను గూర్చి విన్నవారెందరు? ఒక కర్మాగారమున ఒక గొట్టములో మిల్లీమీటరులో కొంతభాగమంత తప్పు, 469 మంది ప్రాణములవరకు ఎట్లు వచ్చినదో, ఎట్లు ఆగినదో తెలిపిన ఆ కథలో ఉత్కంఠయు ఉన్నది, జ్ఞానమును ఉన్నది. దానిని తెలుగున ఎవరును చక్కగా చెప్పగా నేను చూడలేదు.

ఇది సుఖాంతము. సుఖాంతము కానిదానిని మీరు ఓపికతో వినవలెనని కోరుచున్నాను, ఏలయన నేను చెప్పదలచినదంతయు దానియందే యున్నది.

1972 జూన్ 12న అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారి డీసీ-10 విమానము డెట్రాయిట్ నుండి లేచి కెనడాలోని విండ్సర్ పట్టణముమీదుగా పోవుచుండగా, సుమారు 11,750 అడుగుల ఎత్తున, వెనుకనున్న సామానుగది తలుపు ఊడిపోయెను. సాధారణముగా విమానపు తలుపు లోపలినుండి బిగియును. కొన్ని ప్రెషరు కుక్కర్ల మూతవలె, లోని పీడనమే దానిని అదిమిపెట్టును. డీసీ-10 సామాను తలుపు బయటికి తెరచుకొనునది. కావున పీడనము దానిని త్రోయుచుండును, కొక్కెములు మాత్రమే పట్టియుంచవలెను. కొక్కెములు పూర్తిగా పడకపోయినను బయటి పిడిని బలముతో మూయుటకు వీలుండెను, మూసినచో పడినట్లే కనబడుచుండెను. తలుపు పోగానే సామానుగదిలో గాలి ఖాళీ అయి, పైన ప్రయాణికుల గది నేల ఆ భేదమునకు ఆగలేక కుంగి, దానిక్రిందుగా తోకకు పోవు నియంత్రణ తీగలను కొన్నింటిని తెంపి, కొన్నింటిని బిగబట్టించెను. కెప్టెన్ బ్రైస్ మెక్‌కార్మిక్ ఇంజనుల బలమును హెచ్చించుచు తగ్గించుచు దానిని డెట్రాయిట్‌లో దించెను. విమానములోని 67 మందియు బ్రతికిరి.

“తప్పిన పెను ప్రమాదం.” ఆ వార్తయు ఇట్లే ముగిసినది.

తరువాత జరిగినది ఏమి? తలుపు కొక్కెములను మార్చవలెననియు, నేల కుంగకుండ గాలి పోవుటకు మార్గములను అమర్చవలెననియు అమెరికా భద్రతా మండలివారు సిఫారసు చేసిరి. విమానయాన శాఖాధిపతి జాన్ షాఫర్, డీసీ-10 తయారీదారైన డగ్లస్ సంస్థ అధ్యక్షుడు జాక్సన్ మెక్‌గోవెన్‌తో ఫోనుమీద మాటలాడి, తప్పనిసరి ఆదేశమును జారీచేయుటకు బదులు, సంస్థయే తన కొనుగోలుదారులకు సూచనలు పంపునట్లు పెద్దమనుషుల ఒప్పందము చేసికొనెను. తలుపును నిర్మించిన కాన్వేర్ సంస్థలో ఇంజనీరైన డాన్ ఆపిల్‌గేట్ జూన్ 27వ తేదీన తన పైవారికి ఒక లేఖ వ్రాసి, రాబోవు ఇరువది యేండ్లలో ఈ తలుపులు తెరచుకొనక తప్పదని హెచ్చరించెను. విండ్సర్‌కు రెండేండ్లు ముందే, 1970 మే నెలలో లాంగ్‌బీచ్‌లోని కర్మాగారమున పీడన పరీక్ష చేయుచుండగా ఇదే తలుపు ఊడి ఇదే నేల కుంగినది. ఆ లేఖ బయటికి రాలేదు. బయటివారెవరును అడుగలేదు.

1972 డిసెంబరులో టర్కిష్ ఎయిర్‌లైన్స్ వారికి ఇవ్వబడిన డీసీ-10 యొక్క రికార్డులలో, తలుపునకు చేయవలసిన మార్పులు అన్నియు చేయబడినట్లు ముద్రలు పడినవి. ముఖ్యమైన మార్పు చేయబడలేదు. నేను ఇంతకుముందు లాగ్ బుక్కులోని సంతకమును గూర్చి ఏల అంత సేపు చెప్పితినో ఇప్పుడు మీకు బోధపడియుండును. 1974 మార్చి 3న ఆ విమానము పారిస్ ఓర్లీ విమానాశ్రయమున ఆగినప్పుడు, కొక్కెము పిన్నులు పడినవో లేవో చూచుటకు తలుపులో చిన్న అద్దపు గవాక్షము ఉండెను. దాని ప్రక్క వ్రాసిన సూచనలు ఇంగ్లీషులోను టర్కిష్‌లోను ఉండెను. ఆ తలుపు మూసిన కార్మికునకు ఆ రెండును రావు. లేచిన పది నిమిషములలోపల తలుపు ఊడెను, నేల కుంగెను, ఈసారి తీగలన్నియు పోయెను. 77 సెకనులలో విమానము ఎర్మెనొన్‌విల్ అడవిలో పడెను. 346 మంది మరణించిరి.

ఇప్పుడు లోకమునకు అన్నియు తెలిసెను: ఫోను సంభాషణ, ఆపిల్‌గేట్ లేఖ, తప్పుడు ముద్రలు. లండన్‌లోని సండే టైమ్స్ విలేకరులు పరిశోధించి 1976లో గ్రంథమే వ్రాసిరి. మిక్కిలి గొప్ప పని. కాని డెట్రాయిట్‌లో 67 మందియు క్షేమముగా దిగిన దినమునుండి ఎర్మెనొన్‌విల్ వరకు గడచిన ఇరువదికి పైబడిన నెలలలో, ఏ పత్రికయైనను, “ఆ తలుపు సంగతి ఏమైనది? ఎన్ని విమానములలో మార్చిరి? ఆదేశము ఏల రాలేదు?” అని నెలకొకసారి అడిగియున్నచో ఏమి జరిగియుండునో అని నేను ఎన్నోసార్లు ఆలోచించితిని. పారిస్ తరువాత అమెరికా ప్రభుత్వము తలుపు మార్పులను, నేలలో గాలి మార్గములను తప్పనిసరి చేసినది. చేయవలసినదేమో ముందే తెలిసియుండెను. అడుగువారు మాత్రము కరువైరి.

అడుగువారు ఉన్నప్పుడు ఏమగునో చూపు ఉదాహరణ కూడ ఒకటి కలదు, అదియు దుఃఖముతో కూడినదే. 2018 అక్టోబరు 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ వారి బోయింగ్ 737 మాక్స్ కూలి 189 మంది పోయిన తరువాత, సియాటిల్ టైమ్స్ విలేకరి డొమినిక్ గేట్స్ ఆ విషయమును విడువలేదు. ఎంక్యాస్ అను నియంత్రణ వ్యవస్థ ఒకే సెన్సరుమీద ఆధారపడుననియు, భద్రతా పత్రములలో దాని శక్తిని 0.6 డిగ్రీలుగా చూపి, విమానమున 2.5 డిగ్రీలవరకు అనుమతించిరనియు తెలిసికొని, బోయింగ్ వారికిని అమెరికా విమానయాన శాఖకును తన ప్రశ్నలను పంపెను. సమాధానములకై వేచియుండగనే, 2019 మార్చి 10న ఇథియోపియాలో రెండవ విమానము కూలి 157 మంది మరణించిరి. వ్యాసము మార్చి 17న వెలువడినది. ఆలస్యము ఆయనది కాదు. ఆ పత్రికవారి కృషికి 2020లో పులిట్జర్ బహుమానము లభించినది; నా దృష్టిలో అంతకంటె విలువైనది, మొదటి విమానమును లోకము మరచిపోవుచున్న దినములలో ఆయన పంపిన ఆ ప్రశ్నావళి.

పాత కథలని అనుకొనవలదు. 2024 జనవరి 5న పోర్ట్‌లాండ్‌నుండి లేచిన అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానమునుండి, తలుపు స్థానమున బిగించిన పలక ఊడిపోయినప్పుడు తేలినదేమి? కర్మాగారమున రివెట్లను సరిచేయుటకై ఆ పలకను తెరచిరి, తిరిగి మూసిరి, నాలుగు బోల్టులను పెట్టుట మరచిరి. తెరచినట్లు ఏ కాగితమునందును వ్రాయలేదు. వ్రాసియుండినచో, పరీక్షించువాడు ఆ చోటికి వచ్చి చూచియుండును.

మన దేశమునకు వత్తము. 2018 మార్చి 12న మన పౌరవిమానయాన డైరెక్టరేటువారు, ప్రాట్ అండ్ విట్నీ ఇంజనులలోని ఒక సీలు లోపమునుబట్టి, ఇండిగో, గోఎయిర్ సంస్థల ఎ320 నియో విమానములను 11 నిలిపివేసిరి. ఆ వార్త అన్ని పత్రికలలోను మొదటి పుటలకెక్కెను. నిజమునకు విమానములను ఆపుట వ్యవస్థ మేల్కొనియుండుటకు గుర్తు. ఆ ఇంజనులలోనే టర్బైను బ్లేడులకు సంబంధించిన వేరొక చిక్కు సాగుచుండగా, 2019 నవంబరులో ఇండిగోవారు తమ నియోలన్నిటి ఇంజనులను 2020 జనవరి 31లోపల మార్చవలెనని డైరెక్టరేటువారు గడువు విధించిరి. ఆ గడువు తరువాత పొడిగింపబడెను. గడువు పొడిగించుట సమంజసమై యుండవచ్చును, విడిభాగములు దొరకుట కష్టమై యుండవచ్చును. కాని 11 విమానములు ఆగినప్పుడు పెట్టిన శీర్షికలో నాలుగవవంతు అక్షరములతోనైనను ఆ పొడిగింపును గూర్చి మనకు ఎందరు వివరించిరి?

2025 జూన్ 12న అహమ్మదాబాదులో విమానము కూలిన దారుణమును తలచుకొనుటకే మనస్సు రాదు. 260 మంది మరణించిరి. విమానములోనివారు 241 మంది, తక్కినవారు నేలమీద తమ పనిలో తాము ఉన్నవారు. ఆ సాయంకాలమునుండి టీవీలలో పక్షులనిరి, ఫ్లాపులనిరి, చక్రములనిరి. ఒక మాసము తరువాత వచ్చిన ప్రాథమిక నివేదిక, ఇంధనపు స్విచ్చులు రెండును ఒక సెకను వ్యవధితో నిలుపు స్థానమునకు మారినవని చెప్పినది. ఏల మారినవో చెప్పలేదు. ఆ “ఏల” అను చోటును పూరింపవలెనను తొందర ఎంతటిదనగా, తొందరపడి నిర్ణయములకు రావలదని దర్యాప్తు సంస్థయే వేడుకొనవలసివచ్చినది. చనిపోయిన మనుష్యులమీద, తిరిగి సమాధానము చెప్పలేని వారిమీద, నిర్ధారణ కాని మాటలను మోపుట నాకు మిక్కిలి బాధ కలిగించినది. ఈ వేదికమీదనుండి ఆ మాట చెప్పక పోజాలను. ఆ తరువాత కొన్ని వారములు ఏ విమానము ఏ కారణమున వెనుదిరిగినను అది పెద్ద వార్త అయ్యెను. ఏసీ చెడుటయు, ఇంజను చెడుటయు ఒకే ఎర్ర అక్షరములలో కనబడెను. పాఠకుడు ముందు భయపడును, పిమ్మట విసుగుచెందును. విసుగుచెందినవాడు నిజముగా అడుగవలసిన నాడు అడుగడు.

ఇందులో వేరొక అపాయము కలదు. లోపమును వ్రాసిన పైలట్, విమానమును ఆపిన ఇంజనీరు, వార్తలలో నేరస్థులవలె కనబడు వాతావరణమున, వ్రాయుటకు కలము వెనుదీయును. ఒక సంస్థలో లోపముల నమోదు తగ్గినదనగా యంత్రములు బాగుపడినవని అర్థము కావచ్చును, మనుష్యులు భయపడిరని అర్థము కావచ్చును. బయటనుండి చూచువానికి ఆ రెండును ఒకేరీతిగా కనబడును. కావున లోపముల సంఖ్యను లెక్కించి సంస్థలకు మార్కులు వేయు వార్తలను నేను శంకించుచున్నాను. అడుగవలసినవి వేరు: అదే విమానమున అదే లోపము మరల వచ్చినదా? వాయిదాపడిన మరమ్మతులు ఎన్ని, గడువు దాటినవి ఎన్ని? నియంత్రణ శాఖలో ఖాళీగానున్న తనిఖీ అధికారుల పదవులెన్ని? ఈ ప్రశ్నలు పార్లమెంటులో వేయవచ్చును, సమాచార హక్కు చట్టము క్రింద వేయవచ్చును. ఉత్కంఠ తక్కువ, శ్రమ ఎక్కువ. అందుచేతనే వానిని వేయువారు తక్కువ.

ఈ పనికి తెలుగు పత్రికలకు దూరము పోవలసిన అవసరము లేదు. శంషాబాదులో విమానముల మరమ్మతు శాలలున్నవి. బోయింగ్ 737 యొక్క నిలువు తోకరెక్కలు హైదరాబాదులో తయారగుచున్నవి. ఆ పని చేయుచున్నవారిలో మన జిల్లాల పాలిటెక్నిక్‌లనుండి వచ్చిన బిడ్డలు పెక్కుమంది. వారి భాషలోనే వారి పనిని గూర్చి వ్రాయువాడు మనకు కావలెను. అందుచే ఈ ధర్మనిధి కార్యవర్గమువారికి నాదొక ప్రార్థన. ఈ నిధి వడ్డీలో కొంతభాగముతో ఏటేట ఇద్దరు యువ విలేకరులను ఎన్నుకొని, ఒక మరమ్మతు శాలవారి అనుమతితో, నెలదినములు రాత్రి షిఫ్టులో కూర్చుండబెట్టవలెను. లాగ్ బుక్కు చదువుట, వాయిదా చీటీని గుర్తించుట, దర్యాప్తు నివేదికను మొదటినుండి చివరివరకు చదువుట వారు నేర్చుకొనవలెను. ఆ తరువాత ఏడాదిపాటు వారు ప్రతినెల ఒక వ్యాసము వ్రాయవలెను. క్రొత్త వార్తమీద కాదు, ఆరు మాసముల క్రిందట “తప్పిన పెను ప్రమాదం” అని అచ్చైన ఏదో ఒక వార్తమీద, ఆ విమానము నంబరును, ఆ లోపము తరువాతి చరిత్రను వెదకి. కార్యవర్గమువారు సమ్మతించినచో, మొదటి సంవత్సరమునకు కావలసిన పాఠ్యక్రమమును నేను ఈ నెలాఖరులోపల వ్రాసి యిచ్చెదను.